రెండొందలు వచ్చిందిగా!

డేటాబేస్ సర్వరు డిస్కు నిండిపోయి ఎక్కడి పనులక్కడ ఆగిపోయిన రోజు, పొద్దున్నే అందరూ నన్ను అడిగింది ఒకటే మాట. అలర్ట్ ఎందుకు రాలేదు?

నిజానికి వచ్చింది. ముందురోజు రాత్రే డిస్కు 90 శాతం దాటిందని మానిటరింగ్ గోల పెట్టింది. ఆ గోలని అందుకుని టికెట్‌గా మార్చే స్క్రిప్టు, పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది, అదీ నడిచింది. దాని లాగ్‌లో తేదీ, టైము, సర్వరు పేరు, చివర "పంపాం, జవాబు 200" అని శుభ్రంగా ఉంది. 200 అంటే వెబ్ భాషలో అంతా సవ్యమేనని. టికెట్ల క్యూలో మాత్రం ఆ టికెట్ లేదు. రాత్రి డ్యూటీ కుర్రాడు కన్నార్పకుండా మెలకువగానే ఉన్నాడు పాపం, ఖాళీ క్యూ చూసుకుంటూ.

పదింటికి మీటింగు పెట్టారు, పదీ పదికల్లా తీర్పు వచ్చేసింది. "ఇంకా ఆ పెర్ల్ పట్టుకుని వేలాడుతున్నామా? పైథాన్‌లోకి మార్చి పారేయండి" అన్నారు మేనేజర్ గారు. అందరూ తలలూపారు. ఊపినవాళ్ళలో ఆ స్క్రిప్టు ఒక్కసారైనా తెరిచి చూసినవాళ్ళు ఇద్దరు కూడా ఉండరు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటారే, అదే. నేనేం పెర్ల్ భక్తుణ్ణి కాదు. కొత్త పని ఏదైనా మొదలుపెడితే నేనూ పైథానే తీస్తాను. కానీ జబ్బేమిటో ఒక్కరికీ తెలియకుండానే మందు పేరు మాత్రం అందరి నోటా ఒకేసారి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది.

మేం వాడే టికెట్ల వ్యవస్థ రిక్వెస్ట్ ట్రాకర్. వాడుకలో అందరికీ ఆర్‌టీ. జెస్సీ విన్సెంట్ 1996లో మొదలుపెట్టాడు, తర్వాత బెస్ట్ ప్రాక్టికల్ అనే కంపెనీ దాన్ని నడుపుకుంటూ వస్తోంది. సోర్సు అందరికీ తెరిచే ఉంటుంది కాబట్టి చాలా ఆఫీసులు సొంత సర్వరులో పెట్టుకుంటాయి. అది రాసింది కూడా పెర్ల్‌లోనే. పెర్ల్ భాష తాలూకు బగ్గుల్ని సైతం, 2019లో గిట్‌హబ్ అనే సైటుకి మారేదాకా, ఏళ్ళ తరబడి ఆర్‌టీలోనే రాసుకున్నారు. అంటే మా స్క్రిప్టుని పైథాన్ చేసినా, తీగకి అటు చివర కూర్చుని మాట్లాడేది పెర్లే. ఈ సంగతి మీటింగులో చెప్పబోయాను. అప్పటికే అందరూ ల్యాప్‌టాపులు మూసేస్తున్నారు.

కుర్రాడికి కొత్త స్క్రిప్టు పని అప్పగించారు. పాతదానికి ఏమైందో చూడమని నన్నెవరూ అడగలేదు. నేనే కూర్చున్నాను.

మొదటిరోజు నేనూ తప్పుదారే పట్టానని ఒప్పుకోవాలి. నడుస్తున్న సర్వరు మీద ప్రయోగాలెందుకని స్క్రిప్టుని నా టెస్టు పెట్టెలోకి, అంటే ప్రయోగాల కంప్యూటర్‌లోకి, తెచ్చుకుని చేత్తో నడిపాను. నడిపీ నడపగానే 500 అని తిట్టింది. 500 అంటే తెలిసిందేగా, సర్వరు లోపల ఏదో పగిలిందని అర్థం. దొరికాడ్రా దొంగ అనుకుని ఆర్‌టీ సర్వరు చూసుకునే ఆయన దగ్గరికి వెళ్ళి, మీ సర్వరు 500 కొడుతోంది చూడండి అన్నాను. ఆయన లాగులు తిరగేసి, "అన్నా, నీ రిక్వెస్టే రాలేదు నా దగ్గరికి" అన్నాడు. వచ్చిందని నేను, రాలేదని ఆయన. స్క్రీన్లు ఒకరికొకరం చూపించుకున్నాం. ఓ గంట గడిచింది. ఇద్దరం నిజమే చెబుతున్నాం, అదే తమాషా.

పెర్ల్‌లో వెబ్‌తో మాట్లాడటానికి దాదాపు అందరూ వాడేది ఎల్‌డబ్ల్యూపీ అనే లైబ్రరీ. దానికి ఒక అలవాటుంది. సర్వరు దాకా వెళ్ళలేకపోతే "వెళ్ళలేకపోయాను" అని విడిగా చెప్పదు. తనే ఒక జవాబు తయారుచేసి, దాని మీద 500 అని ముద్ర కొట్టి, సర్వరు ఇచ్చిందేమో అనిపించేలా మన చేతిలో పెడుతుంది. అడ్రసు దొరక్కపోయినా అంతే, సర్వరు తానెవరో రుజువుగా చూపించే సర్టిఫికెట్ నచ్చకపోయినా అంతే. కాకపోతే మోసం చేయదు, హెడర్లలో, అంటే జవాబు కవరు మీది వివరాల్లో, ఒక మూల "క్లయింట్-వార్నింగ్: ఇంటర్నల్ రెస్పాన్స్" అని రాసి పెడుతుంది. ఈ జవాబు బయటినుంచి రాలేదు బాబూ, నేనే రాశాను అని దాని అర్థం. హెడర్లు ఎవరు చూస్తారు? నేను చూడలేదు. చూసి ఉంటే ఆ గంట మిగిలేది, ఆయన టీ కూడా చల్లారిపోయేది కాదు.

నా పెట్టెలో అసలు లోపం సర్టిఫికెట్. 2011లో వచ్చిన ఎల్‌డబ్ల్యూపీ 6 నుంచి, అవతలి సర్వరు సర్టిఫికెట్ సరైనదో కాదో అది తనంతట తానే సరిచూస్తుంది. మా ఆఫీసు సొంతంగా జారీ చేసుకున్న సర్టిఫికెట్ సంగతి నడుస్తున్న సర్వరుకి తెలుసు, నా టెస్టు పెట్టెకి తెలియదు. ఇక్కడ ఒక మాట. దీనికి మందు వెతికితే ఎక్కడ చూసినా ఒకే చిట్కా కనిపిస్తుంది. ఫలానా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని సున్నా చేయండి, ఆ తనిఖీయే ఉండదు అని. కుక్క మొరుగుతోందని మూతి కట్టేయడం లాంటిది ఆ చిట్కా. మన సర్టిఫికెట్ ఫైలు ఎక్కడుందో చూపించడానికి కూడా అంతే శ్రమ, ఒక్క వరుస.

సర్టిఫికెట్ పెట్టాక స్క్రిప్టు హాయిగా నడిచింది. 200 వచ్చింది. టికెట్ మాత్రం రాలేదు! మొదలుపెట్టిన చోటికే వచ్చాను. కానీ ఈసారి వచ్చిన జవాబు మొత్తాన్ని, కవరుతో సహా, స్క్రీన్ మీద పరిచాను. పెర్ల్‌లో అది చిన్న మాట, జవాబుని స్ట్రింగ్‌గా మార్చి ప్రింట్ చేయమంటే చాలు. పైన 200 ఓకే. దాని కింద హెడర్లు. వాటి కింద ఖాళీ వరుస. ఆ ఖాళీ వరుస కింద, అసలు ఉత్తరం మొదటి వరుసలో, ఇలా ఉంది:

ఆర్‌టీ/4.4.4 409 సింటాక్స్ ఎర్రర్

కొన్నేళ్ళుగా ఈ స్క్రిప్టుతో కాపురం చేస్తున్నాను. ఈ వరుసని చూడటం అదే మొదటిసారి.

వేరే ప్రోగ్రాములు ఆర్‌టీతో మాట్లాడే ద్వారాన్ని ఏపీఐ అంటారు. ఆర్‌టీ పాత ఏపీఐ, రెస్ట్ 1.0, జవాబు చెప్పే పద్ధతే అది. రిజిస్టర్ పోస్టులో తహసీల్దారు ఆఫీసుకి అర్జీ పంపామనుకోండి. పోస్టుమాను సంతకం పెట్టించుకుని అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తెచ్చి మన చేతిలో పెడతాడు. కవరు చేరింది, అంతవరకు నిజం. అర్జీ ఒప్పుకున్నారా, అవతల పారేశారా అన్నది ఆ కార్డు మీద ఉండదు. ఆ ముక్క ఆఫీసువాళ్ళు రాసిన జవాబులో ఉంటుంది. ఆర్‌టీ పాత ఏపీఐలో హెచ్‌టీటీపీ 200 అనేది ఆ కార్డు. జవాబు లోపల మొదటి వరుసలో, తన పేరూ వెర్షనూ వేసి, ఆర్‌టీ విడిగా ఇంకో నంబరు రాస్తుంది. అక్కడ 401 ఉంటే పాస్‌వర్డ్ తప్పు. 409 ఉంటే మనం పంపిన ఫారం అర్థం కాలేదు. పైన కవరు మీద ఎప్పుడూ నవ్వుతూ 200.

ఇలా ఎందుకు చేశారని తిట్టుకున్నాను. తర్వాత ఆర్‌టీతో పాటే వచ్చే కమాండ్‌లైన్ పనిముట్టు సోర్సు తిరగేస్తే, దాంట్లో ఒక వ్యాఖ్య కనిపించింది. అసలైన హెచ్‌టీటీపీ కోడ్‌ని నేరుగా మార్చి పంపడం అన్నిచోట్లా సాఫీగా జరిగే పని కాదట, అందుకే లోపలి వరుసని చదివి, సర్వరే ఆ కోడ్ ఇచ్చినట్టు అనుకుందాం అని. అంటే రాసినవాళ్ళకి తెలుసు, దాచిపెట్టలేదు, తమ సొంత పనిముట్టులో ఆ లోపలి వరుసని చదువుకుంటున్నారు కూడా. చదవనిది మేం.

మా స్క్రిప్టులో తనిఖీ ఉన్నది ఒకే ఒక్క వరుస. జవాబు సక్సెసేనా అని ఎల్‌డబ్ల్యూపీని అడగడం, అవునంటే లాగ్‌లో 200 రాసి వెళ్ళిపోవడం. ఎల్‌డబ్ల్యూపీ కవరు మాత్రమే చూస్తుంది, ఉత్తరం చదవడం దాని పని కాదు. రెండు రోజుల్లో నాకు తేలింది ఏమిటంటే, సర్వరు ఇచ్చిన 200 లోపల 200 లేదు, నేను సర్వరు మీద మోపిన 500 సర్వరు ఇచ్చిందే కాదు. రెండుసార్లూ నేను నంబరు చూసి ఆగిపోయాను.

సరే, 409 ఎందుకొచ్చింది? రెస్ట్ 1.0కి టికెట్ పంపడమంటే ఒక ఫారం నింపడం. ఒక్కో వరుసలో ఒక్కో ఫీల్డు పేరు, పక్కన కోలన్, ఆపైన విలువ. క్యూ: ఫలానా. సబ్జెక్ట్: ఫలానా. టెక్స్ట్: విషయం ఇదీ. ఈ టెక్స్ట్ ఒకే వరుస అయినంతకాలం ఏ గొడవా లేదు. రెండో వరుస ఉంటే మాత్రం, అది పై వరుసకి కొనసాగింపు అని తెలియడానికి దాని మొదట్లో ఒక ఖాళీ వదలాలి. వదలకపోతే ఆర్‌టీ దాన్ని కొత్త ఫీల్డనుకుని కోలన్ కోసం వెతుకుతుంది. దొరక్కపోతే సింటాక్స్ ఎర్రర్ అంటుంది. దొరికితే ఇంకా ప్రమాదం. మనం అతికించిన లాగ్ ముక్కలో ఒక వరుస "ప్రయారిటీ: 5" అని మొదలైందనుకోండి, అది విషయంలో భాగం కాకుండా టికెట్ ప్రయారిటీ అయి కూర్చుంటుంది.

డిస్కు అలర్ట్‌లో ఉన్నదేమిటంటే, డీఎఫ్ కమాండ్ ఇచ్చే పట్టిక. ఏ పార్టిషన్ ఎంత నిండిందో చూపించే ఆ నాలుగైదు వరుసలు. మొదటి వరుస టెక్స్ట్ పక్కనే పడింది కాబట్టి బతికిపోయింది. రెండోది వాలు గీతతో, డెవ్ అని మొదలవుతుంది. ముందు ఖాళీ లేదు, కోలన్ అసలే లేదు. అక్కడే ఫారం పగిలింది.

ఒక్క వరుస మార్పు. వరుస మారిన ప్రతిచోటా పక్కన ఒక ఖాళీ పెట్టమని. స్పేస్‌బార్ ఒకసారి నొక్కినంత ఖాళీ. దానికోసం డేటాబేస్ సర్వరు ఓ పూటంతా పడుకుంది.

మరి ఆ డీఎఫ్ పట్టికని అలర్ట్‌లో కలిపిన మహానుభావుడెవరో చూద్దామని, కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసిపెట్టే గిట్ తెరిచాను. పదకొండు రోజుల కిందటి మార్పు. పేరు నాదే. రాత్రి డ్యూటీవాళ్ళు సర్వరులోకి వెళ్ళి చూసుకోనక్కర్లేకుండా టికెట్‌లోనే వివరం కనిపిస్తే బాగుంటుంది కదా అని, మంచికే చేశాను. పని చేస్తోందని ఎలా నిర్ధారించుకున్నానంటే, లాగ్‌లో 200 చూసి. ఆ పదకొండు రోజులూ డిస్కు టికెట్ ఒక్కటీ పుట్టలేదు. మిగతా అలర్టులన్నీ ఒకే వరుసవి కాబట్టి యథాప్రకారం వచ్చాయి, ఎవరికీ అనుమానం రాలేదు. పైగా మధ్యలో ఒకరోజు టీ తాగుతూ, "ఈమధ్య డిస్కు గొడవలు బాగా తగ్గాయి కదా" అన్నది నేనే. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఈలోగా కుర్రాడి పైథాన్ స్క్రిప్టు తయారైంది. చక్కగా రాశాడు, నిజంగానే. ఫంక్షన్లు విడివిడిగా, పేర్లు అర్థమయ్యేలా. రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడాడు, జవాబు 400 పైన ఏది వచ్చినా అక్కడికక్కడే ఆగిపోయేలా తనిఖీ కూడా పెట్టాడు, మా పాతదాని కంటే బుద్ధిమంతుడు. అలర్ట్ విషయం మాత్రం పాతదానిలోంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నాడు, డీఎఫ్ పట్టికతో సహా. "ఒకసారి డిస్కు అలర్ట్ పంపి చూడు" అన్నాను. పంపాడు. "వెళ్ళిందన్నా, రెండొందలు వచ్చిందిగా!" అన్నాడు. "క్యూ చూడు" అన్నాను. చూశాడు. మళ్ళీ చూశాడు. పేజీ రిఫ్రెష్ చేసి చూశాడు.

మార్చి రాయడం గురించి నా గొడవంతా ఇదే. భాష మారింది, లైబ్రరీ మారింది, రాసినవాడు మారాడు. తప్పు మాత్రం కొత్త ఇంట్లోకి సామానుతో పాటు వచ్చేసింది, బల్లి వచ్చినట్టు. ఎందుకంటే అది పెర్ల్‌లో లేదు. ఆర్‌టీ జవాబుని ఎక్కడిదాకా చదవాలి అన్న మా అవగాహనలో ఉంది. ఒకవేళ కుర్రాడు డీఎఫ్ పట్టిక వదిలేసి రాసి ఉంటే? టికెట్లు వచ్చేవి, పైథాన్ గెలిచిందని మీటింగులో చప్పట్లు కొట్టేవాళ్ళు, లోపలి వరుసని చదవని స్క్రిప్టు ఇంకో ఐదేళ్ళు నడిచేది. నాకు భయమేసేది ఆ గెలుపంటేనే.

ఇలా అన్నప్పుడల్లా ఎదురయ్యే జవాబు ఒకటుంది. పెర్ల్ తెలిసినవాళ్ళు దొరకట్లేదు, రేపు నువ్వు మానేస్తే ఎవరు చూస్తారు? ఇది కొట్టిపారేసే మాట కాదు. ఉద్యోగానికి వచ్చే పిల్లల్లో పెర్ల్ చూసినవాళ్ళు నాకు తగిలి చాలాకాలమైంది. లారీ వాల్ 1987లో వదిలిన భాష, నేను నేర్చుకునేనాటికే పాతబడింది. ఆ కారణం చెప్పి మార్చమంటే రేపే మారుద్దాం, నేనే కూర్చుని సాయం చేస్తాను. కానీ ఆ కారణం వేరు, డిస్కు టికెట్ రాకపోవడానికి కారణం వేరు. రెండోదాన్ని సాకుగా పెట్టి మొదటిపని చేస్తే రెండోది అలాగే ఉండిపోతుంది.

పెర్ల్ పాపం ఏమీ లేదని కాదు. చేయి కాల్చిన సందర్భాలు నా దగ్గరే ఉన్నాయి. పెర్ల్ 5.26 వచ్చినప్పుడు, మాడ్యూళ్ళు, అంటే విడిగా రాసిపెట్టుకున్న కోడ్ ఫైళ్ళు, వెతికే దారుల్లోంచి "ప్రస్తుతం ఉన్న ఫోల్డరు"ని తీసేశారు. భద్రత కోసం చేసిన మంచి పనే. మాకు మాత్రం సర్వరు ఓఎస్ మార్చిన మర్నాడు, పక్కనే ఉన్న ఫైలు కనపడట్లేదని సగం స్క్రిప్టులు పడిపోయాయి. చేత్తో నడిపితే నడిచి, టైము ప్రకారం పనులు తనంతట తానే నడిపే క్రాన్‌లో పెడితే చచ్చిపోయే స్క్రిప్టుల సంగతి సరేసరి. మన షెల్‌లో ఉన్న దారులు క్రాన్‌కి తెలియవు, అది పంపే తిట్ల మెయిల్ ఎవరూ తెరవని పెట్టెలో పడుతుంది. కానీ ఒకటి గమనించండి, ఈ సందర్భాల్లో పెర్ల్ అరిచింది. ఫలానా మాడ్యూల్ దొరకలేదు, ఇదిగో నేను వెతికిన దారులన్నీ అని జాబితాతో సహా అరిచింది. అరిచే తప్పు గంటలో తేలిపోతుంది.

అరుపుని మనమే నొక్కేస్తే ఏమవుతుందో ఈ స్క్రిప్టులోనే ఇంకోచోట దొరికింది. మా బ్రాంచివాళ్ళు నింపే ఫిర్యాదు ఫారం కూడా దీని ద్వారానే ఆర్‌టీకి చేరుతుంది. విజయవాడనుంచి ఒకాయన, ప్రింటర్ పని చేయట్లేదని, హాయిగా తెలుగులో రాశారు. టికెట్ సబ్జెక్టు చూస్తే తల మీద గీతున్న రోమన్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, ఆ పక్కన ఇంకేదో, మళ్ళీ ఏ, మళ్ళీ డిగ్రీ గుర్తు... వరుస పొడుగునా అదే. టికెట్ చూసినవాళ్ళు వైరస్ అనుకుని మూసేశారట.

అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. "వ" తీసుకుంటే దాని బైట్లు ఈ0, బీ0, బీ5. వీటిని ఎవరైనా పాత లాటిన్ పద్ధతిలో చదివితే ఈ0 గీతున్న ఏగానూ, బీ0 డిగ్రీ గుర్తుగానూ, బీ5 గ్రీకు మ్యూగానూ కనిపిస్తాయి. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఈ0, రెండోది బీ0 లేదా బీ1. బీ1 అంటే కూడిక-తీసివేత కలిసిన గుర్తు. కాబట్టి చెత్తలో డిగ్రీ గుర్తులూ ప్లస్-మైనస్ గుర్తులూ కనిపిస్తే ఆ చెత్త మన తెలుగే. అదే హిందీ చెత్తయితే జపాన్ యెన్ గుర్తు తగులుతుంది. ఇన్నేళ్ళలో నాకు అబ్బిన విద్యల్లో పెళ్ళిళ్ళలో చెప్పుకోవడానికి పనికిరాని విద్య ఇది.

మరి ఎక్కడ చెడింది? విప్పిన అక్షరాల్ని మళ్ళీ బైట్లుగా కట్టకుండా బయటికి పంపుతున్నచోట పెర్ల్ ఒకప్పుడు అభ్యంతరం చెప్పింది. ఎల్‌డబ్ల్యూపీ కింద పనిచేసే మాడ్యూల్ అయితే, నాకు బైట్లే కావాలి, విప్పిన అక్షరాలు కాదు అని ఏకంగా ఆగిపోతుంది. అప్పుడు ఎవరో (గిట్‌కి ముందుకాలం కాబట్టి నేను కాదని చెప్పుకుంటున్నాను) అరుపు ఆగేదాకా, అక్షరాల్ని బైట్లుగా కట్టే ఎన్‌కోడ్ అనే మాటని కనిపించిన ప్రతిచోటా చల్లుకుంటూ పోయారు. అరుపు ఆగింది. తెలుగు ఒకసారి బదులు రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది. ఇంగ్లీషు అక్షరాలకి ఎన్నిసార్లు చేసినా ఏమీ కాదు కాబట్టి బెంగళూరువాళ్ళ టికెట్లు, చెన్నైవాళ్ళ టికెట్లు బాగానే ఉన్నాయి, వాళ్ళంతా ఇంగ్లీషులో రాస్తారు. తెలుగులో రాసినాయన ఒక్కడికే శిక్ష పడింది. ఆయన మళ్ళీ రాయలేదు, ఫోన్ చేయడం మొదలుపెట్టారు.

అక్కడే ఇంకో చిన్నది. ఆర్‌టీ డేటాబేస్‌లో సబ్జెక్టుకి 200 అక్షరాల చోటుంది. మా స్క్రిప్టు ముందుజాగ్రత్తగా సబ్జెక్టుని 200 దగ్గర కోసేది, కానీ కోసేది బైట్లని. మధ్యలో ఖాళీల్లేకుండా లెక్కేస్తే తెలుగులో 66 అక్షరాలయ్యేసరికి 198 అవుతుంది, 67వ అక్షరంలో రెండు బైట్లు మిగిలి మూడోది తెగిపోతుంది. ఆ 66 కూడా మనం బడిలో లెక్కపెట్టే అక్షరాలు కాదు. "స్త్రీ" అని రాస్తే మనకి ఒకటే, కంప్యూటర్‌కి పొల్లులూ గుడిదీర్ఘమూ కలిపి ఆరు, బైట్లు పద్దెనిమిది. లోపలికి రాగానే ఒకసారి విప్పడం, బయటికి పంపేముందు ఒకసారి కట్టడం, మధ్యలో ముట్టుకోకపోవడం. చల్లిన ఎన్‌కోడ్‌లన్నీ ఏరి పారేస్తే స్క్రిప్టు పద్నాలుగు వరుసలు చిక్కిపోయింది.

మేనేజర్ గారికి ఇదంతా చెప్పినప్పుడు, "అయితే దీనికి మంచి దారే లేదా?" అని అడిగారు. ఉంది, అదీ రెండు. మొదటిది, ఆర్‌టీతో మాట్లాడటానికి, పెర్ల్ మాడ్యూళ్ళ భండారమైన సీప్యాన్‌లో ఆర్‌టీ క్లయింట్ రెస్ట్ అనే మాడ్యూల్ ఎప్పట్నుంచో ఉంది. లోపలి వరుసని అదే చదివి, తేడా ఉంటే ఎక్సెప్షన్ విసురుతుంది. మా పూర్వీకులు దాన్ని వాడకుండా అన్నీ చేత్తో రాశారు. రెండోది, ఆర్‌టీ 5 నుంచి రెస్ట్ 2 లోపలే వస్తోంది. ఫారం గొడవ లేదు, డేటా అంతా జేసన్ అనే పద్ధతిలో వెళ్తుంది. కవరు మీది నంబరే అసలు నంబరు. టికెట్ పుడితే 201, లేకపోతే లేదు. పాస్‌వర్డ్ బదులు టోకెన్ ఇవ్వొచ్చు. మారాలంటే మారాల్సింది ఇటు, భాష ఏదైనా సరే.

అయితే కొత్త ఇల్లు కదా అని తలుపులు తీసి పడుకోకూడదు. కుర్రాడు రెస్ట్ 2తో వారంవారీ నివేదిక రాశాడు, తెరిచి ఉన్న టికెట్లు ఎన్ని అని. మొదటి వారం 20. రెండో వారం 20. మూడో వారం కూడా 20 అనేసరికి నేను లేచి అతని కుర్చీ దగ్గరికి వెళ్ళాను. రెస్ట్ 2 వెతుకులాట ఫలితాలని పేజీలుగా ఇస్తుంది, ఏమీ అడక్కపోతే పేజీకి 20, అడిగినా 100కి మించదు. మొత్తం ఎన్నో అదే జవాబులో పక్కనే వేరే ఫీల్డులో రాసి ఉంటుంది. మనవాడు చేతికొచ్చిన పేజీని లెక్కపెట్టి ఊరుకున్నాడు. ఈసారి నేనేమీ అనలేదు, జవాబు మొత్తం స్క్రీన్ మీద పరిచి పక్కకి జరిగాను. "టోటల్ ఇక్కడే ఉందిగా అన్నా!" అన్నాడు. ఉంటుంది మరి.

రెస్ట్ 2కి మారడానికి ఆర్‌టీని కొత్త వెర్షన్‌కి ఎత్తాలి, దానికి అనుమతులు, డౌన్‌టైమ్, అదంతా ఇంకా నడుస్తోంది. అందాకా పాత పెర్ల్ స్క్రిప్టే ఉంది, ఇరవై వరుసల మార్పుతో. ఇప్పుడది కవరు చూస్తుంది, క్లయింట్-వార్నింగ్ ఉందా అని చూస్తుంది, ఆర్‌టీ లోపలి వరుస చదువుతుంది. అది కూడా చాలదని మధ్యలో తెలిసింది. క్యూలో టికెట్ పెట్టే హక్కు లేకపోతే లోపలి వరుసలో కూడా 200 ఓకే అనే వస్తుంది, దాని కింద మాటల్లో "టికెట్ సృష్టించలేకపోయాం" అని ఉంటుంది. అందుకని చివరికి నంబర్ల మీద నమ్మకం మానేసి, జవాబులో కొత్త టికెట్ నంబరు కోసం వెతికేలా పెట్టాను. టికెట్ నంబరు చేతికొస్తేనే లాగ్‌లో పంపాం అని రాస్తుంది, ఆ నంబరుతో సహా. రాకపోతే వచ్చిన జవాబంతా లాగ్‌లో కక్కి, డ్యూటీ ఫోన్‌కి కాల్ కొడుతుంది.

పెట్టిన తొమ్మిదో రోజు, రాత్రి రెండు నలభైకి ఫోన్ మోగింది. ఆ వారం డ్యూటీ నాదే. ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే లాగ్‌లో కవరు మీద 200, లోపల 401. స్క్రిప్టు వాడే ఆర్‌టీ అకౌంట్ పాస్‌వర్డ్‌కి మూడు నెలల గడువు అర్ధరాత్రితో తీరిపోయింది. ఇలా ప్రతి మూడు నెలలకీ తీరుతూనే ఉండి ఉంటుంది, ఎవరో పొద్దున్నే మార్చేస్తూ ఉండి ఉంటారు, మధ్యలో రాత్రి పుట్టాల్సిన టికెట్లు ఎన్ని గాలిలో కలిశాయో ఆ దేవుడికే ఎరుక. మా ఆవిడ అటు తిరిగి పడుకుంటూ, "ఇదివరకు ఇలా మోగేది కాదుగా, బాగు చేశానన్నారు?" అంది.